సోయి ఉంటే సరిపోతుందా? బడి ఆటల్లో తలకు తగిలే దెబ్బ సంగతి

మా వైపు గ్రౌండ్‌లో పిల్లగాడు తలకు దెబ్బ తగిలి పడిపోతే, చుట్టూ మూగినవాళ్ల నోట వచ్చే మొదటి మాట ఒకటే. "సోయి ఉన్నదా?" అంటే స్పృహలో ఉన్నాడా అని. ఉందంటే సగం టెన్షన్ పోతుంది. ముఖం మీద నీళ్లు కొడతారు, గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు, ఎవరో వీపు తడతారు. "ఏం కాలే, ఆడు" అంటారు. వాడు లేచి దుమ్ము దులుపుకొని కోర్టులోకి పోతాడు. జనం చప్పట్లు కొడతారు.

తొమ్మిదో తరగతిలో నేనూ అలా లేచినవాణ్నే. పరకాల వైపు ఒక ఊళ్లో మండల స్థాయి కబడ్డీ. రైడర్ మడమ పట్టుకుందామని కిందికి దూకాను, వాడి మోకాలు నా కణతకు తగిలింది. ఒక్క నిమిషం కూర్చుని మళ్లీ ఆడాను. సెకండాఫ్‌లో ఇద్దర్ని పట్టానని, ఒకసారి కూతకు కూడా పోయానని దోస్తులు చెప్పారు. నాకు ఆ సెకండాఫే గుర్తు లేదు. తిరిగి ఆటోలో వస్తూ "మ్యాచ్ ఎప్పుడు షురూ అయితది?" అని నాలుగుసార్లు అడిగానట. చాన్నాళ్లు అది మా క్లాసులో జోక్‌గా నడిచింది. నేనూ నవ్వేవాణ్ని.

దానికో పేరుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కంకషన్. తల గట్టిగా కుదుపుకు లోనై మెదడు పని కొన్నాళ్లు గాడి తప్పడం. ఈ మాట మనలో చాలామందికి క్రికెట్ వల్లే పరిచయం. 2020 డిసెంబరులో కాన్‌బెర్రా టీ20లో స్టార్క్ వేసిన బంతి జడేజా హెల్మెట్‌కు తగిలింది. అతని బదులు చాహల్ కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి మూడు వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కొట్టాడు. మన దగ్గర చర్చంతా అది న్యాయమా, తొండా అన్న దగ్గరే ఆగిపోయింది. తలకు తగిలినవాడి బదులు ఇంకొకణ్ని దించే ఆ రూల్ అసలు ఎందుకు పుట్టింది, అది మన బడి గ్రౌండ్‌కు ఎందుకు రాలేదు అన్నది ఎవరూ మాట్లాడలేదు.

మొదట ఒక్క లెక్క చెప్పుకుందాం. కంకషన్ అయిన ప్రతి పది మందిలో తొమ్మిది మందికి పైగా సోయి తప్పదు. అంటే మనం అడిగే ఆ ఒక్క ప్రశ్న దాదాపు అందరినీ తిరిగి ఆటలోకి పంపించేస్తోంది.

కుండలో జున్ను

మెదడు పుర్రెకు అంటుకుని ఉండదు. చుట్టూ పలుచని ద్రవం ఉంటుంది, అందులో తేలినట్టు ఉంటుంది. దాని మెత్తదనం తెలియాలంటే జున్ను ముక్కను తలుచుకోండి. కుండలో నీళ్లు పోసి, జున్ను ముక్క వేసి, మూత పెట్టారనుకుందాం. ఇప్పుడు కుండను ఒక్క విసురున తిప్పి ఆపండి. కుండకు చిన్న బీట కూడా పడదు. కానీ లోపలి జున్ను కుండతో సమానంగా తిరగలేదు, సమానంగా ఆగలేదు. ఎక్కడో సాగింది, ఎక్కడో మెలిపడింది. కంకషన్ అంటే దాదాపు ఇదే. అందుకే తలకు నేరుగా దెబ్బ తగలాలన్న నియమం కూడా లేదు. భుజం మీద పడ్డ గట్టి డాష్‌కు తల ఒక్కసారిగా విసురుకున్నా చాలు.

సాగినప్పుడు లోపల ఏమవుతుంది? మెదడులో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య సందేశాలు మోసే సన్నని తీగలుంటాయి. ఒక్కో కణం తన లోపల పొటాషియం ఎక్కువగా, కాల్షియం చాలా తక్కువగా ఉండేలా చూసుకుంటూ బతుకుతుంది. దెబ్బకు ఆ తీగల గోడలు సాగి, పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. మళ్లీ ఎక్కడివి అక్కడ సర్దడానికి కణంలోని పంపులన్నీ ఒకేసారి పని మొదలుపెడతాయి. పంపు నడవాలంటే శక్తి కావాలి, శక్తికి గ్లూకోజ్ కావాలి, గ్లూకోజ్ రక్తంలో రావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. అవసరం పెరిగిన వేళ సరఫరా పడిపోతుందన్నమాట. ఈ వరుసనంతా గీజా, హోవ్డా అనే అమెరికా పరిశోధకులు 2001లో ఒక వ్యాసంలో విడమరిచి రాశారు. మనకు అర్థం కావాలంటే యాసంగి సీజన్‌లో కరెంటు రాగానే ఊళ్లోని బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయిన సంగతి చాలు. ట్రాన్స్‌ఫార్మర్ పేలదు, వైరు తెగదు. వోల్టేజీ పడిపోతుంది. బల్బు మినుకుమినుకుమంటుంది, ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరుగుతుంది.

పిల్లవాడి ప్రవర్తన కూడా అచ్చం అలాగే ఉంటుంది. తలనొప్పి, దిమ్ము, కండ్లు బైర్లు కమ్మడం, వెలుతురూ చప్పుడూ పడకపోవడం. అడిగిందే మళ్లీ అడగడం. కారణం లేకుండా ఏడవడం, చిన్నమాటకే మీద పడడం. నిద్ర పట్టకపోవడం లేదా పగలంతా తూగడం. చదివిన పేజీనే నాలుగుసార్లు చదివినా ఎక్కకపోవడం. ఇవన్నీ దెబ్బ తగిలిన క్షణానే కనిపించాలని లేదు, ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడతాయి. పిల్లల మెడ కండరాలు ఇంకా బలపడవు, ఒంటితో పోలిస్తే తల పెద్దది. అందుకే అదే దెబ్బకు వాళ్ల తల ఎక్కువగా ఊగుతుంది. పెద్దవాళ్లు చాలామంది రెండు వారాల్లో కోలుకుంటారు. పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టవచ్చు. ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో అబ్బాయిలకంటే అమ్మాయిలకు కంకషన్ ఎక్కువగా అవుతున్నట్టు కూడా తేలింది.

"స్కానింగ్ నార్మల్ వచ్చింది"

ఈ వ్యవహారంలో అందరినీ తికమక పెట్టేది స్కానింగే. పిల్లవాణ్ని హనుమకొండకో వరంగల్‌కో తీసుకొస్తారు, సీటీ స్కాన్ తీయిస్తారు, నార్మల్ అని రిపోర్టు వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మర్నాడు వాడు ప్రాక్టీసుకు పోతాడు.

సీటీ చూసేది కుండను. ఎముక విరిగిందా, లోపల ఎక్కడైనా రక్తం కారి గడ్డ కడుతోందా అన్నది చూపిస్తుంది. వోల్టేజీ పడిపోయిందా లేదా అన్నది దానికి కనపడదు. కంకషన్ అయిన పిల్లల్లో సీటీ మామూలుగానే నార్మల్ వస్తుంది. అంటే ఆ రిపోర్టు చెప్పేది "రక్తస్రావం లేదు" అన్న ఒక్క ముక్క, "ఆడొచ్చు" అని కాదు. తలకు తగిలిన ప్రతి పిల్లకూ సీటీ అక్కర్లేదు కూడా. అది రేడియేషన్, పిల్లల విషయంలో డాక్టర్లు ఊరికే వాడరు. లక్షణాలు చూసి, కొన్ని గంటలు కనిపెట్టి, అప్పుడు నిర్ణయిస్తారు. "స్కానింగ్ కూడా రాయలేదు, ఏం డాక్టర్" అని తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రమాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి రక్తస్రావం. ఇది అరుదు, కానీ గంటల్లో ప్రాణం తీస్తుంది. రెండోది కంకషన్. ఇది మామూలు, మెల్లగా మానుతుంది, కానీ మానేలోపు ఇంకో దెబ్బ పడకూడదు. మొదటిది ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి రమణ్ లాంబా కథ చాలు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో క్లబ్ మ్యాచ్. హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు, బంతి తలకు తగిలింది. తనంతట తాను నడుచుకుంటూ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లాడు. ఆ తర్వాత పరిస్థితి దిగజారింది. మూడు రోజులకు చనిపోయాడు. సోయి ఉంది, నడక ఉంది, మాట ఉంది. లోపల మాత్రం రక్తం కారుతూనే ఉంది.

కాబట్టి దెబ్బ తర్వాత తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక వస్తువు రెండుగా కనిపిస్తున్నా, చెయ్యీ కాలూ తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మాట తడబడుతున్నా, మగతగా మారి లేపితే సరిగ్గా లేవకపోయినా, మెడ నొప్పి అన్నా ఇక ఆలోచించేది లేదు, 108కు ఫోన్ కొట్టాలి. మెడ నొప్పి అంటే నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తకూడదు, ఉన్నచోటే కదలకుండా ఉంచాలి. ఏటూరునాగారం దగ్గరి ఆశ్రమ పాఠశాల నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సుమారు వంద కిలోమీటర్లు. హైదరాబాద్‌లో "ఇంకో గంట చూద్దాం" అంటే ఒక గంటే. ఏజెన్సీలో ఆ గంటకు ప్రయాణం కూడా కలుస్తుంది.

రక్తం గురించి మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. "రక్తం బయటికొచ్చింది కదా, మంచిదే, లోపల గడ్డ కట్టలేదు" అంటారు. తలపై చర్మం పగిలి కారే రక్తానికీ, పుర్రె లోపల జరిగేదానికీ సంబంధం లేదు. బయట కుట్లు పడ్డవాడికి లోపల ఏమీ కాకపోవచ్చు, బయట గీత కూడా పడనివాడికి లోపల కారుతూ ఉండవచ్చు.

డుబ్కీ కొట్టినప్పుడు ముందు పోయేది తలే

కంకషన్ గురించి ప్రపంచంలో జరిగిన చర్చంతా అమెరికన్ ఫుట్‌బాల్, రగ్బీ, ఐస్ హాకీల చుట్టూ తిరిగింది. ఆ మూడూ మన బడుల్లో ఆడే ఆటలు కావు. అందువల్లేనేమో ఇది మనకు సంబంధించిన విషయం కాదన్న భావన పాతుకుపోయింది. కానీ మన ఆటలను తల వైపు నుంచి ఒకసారి చూడండి.

కబడ్డీలో మడమ పట్టేవాడు తలను రైడర్ మోకాళ్ల ఎత్తుకు దించుతాడు. రైడర్ విదిలించుకునే కాలు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. ఇద్దరు చేతులు కలిపి చెయిన్‌గా వచ్చినప్పుడు, రైడర్ తప్పించుకుంటే వాళ్లిద్దరి తలలే కొట్టుకుంటాయి. నడుం పట్టి వెనక్కి పడేస్తే రైడర్ తల వెనుకభాగం నేలకు తగులుతుంది. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి పిల్లలకు డుబ్కీ మోజు పట్టుకుంది. చెయిన్ కింది నుంచి దూరిపోవడం చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, అందులో ముందు పోయేది తలే. టీవీలో వాళ్లు ఆడేది మ్యాట్ మీద, ఏళ్ల తరబడి పడడం నేర్చుకున్న తర్వాత. మనవాళ్లు ఆడేది ఎండకు గట్టిపడ్డ మొరం నేల మీద, మొన్ననే యూట్యూబ్‌లో చూసి.

ఖోఖోలో పోల్ పట్టుకుని ముందుకు దూకే పోల్ డైవ్ ఉంది. క్రికెట్‌లో దసరా, సంక్రాంతి టోర్నమెంట్లకు లెదర్ బాల్ వస్తుంది, టీమంతటికీ కలిపి రెండు హెల్మెట్లుంటాయి, అవి ఎవరి తలకూ సరిగ్గా పట్టవు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక బాక్సింగ్ క్లాసులకు ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు పెరిగారు. మంచిదే. కానీ తలమీద కొట్టడమే పాయింటుగా ఉన్న ఆట అది, కాబట్టి కోచ్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న కంకషన్ గురించే కావాలి. ఫుట్‌బాల్‌లో తలతో బంతి కొట్టడం సంగతి: అమెరికా ఫుట్‌బాల్ సంఘం పదేళ్లలోపు పిల్లలకు దాన్ని 2015లోనే ఆపేసింది. మన దగ్గర ఆరో తరగతి పిల్లవాడు హెడ్ చేస్తే శభాష్ అంటాం. "గట్టి తలకాయ్‌రా నీది" అన్నది ఇక్కడ మెచ్చుకోలు.

ఇక హెల్మెట్. కుండ చుట్టూ ఎంత మందంగా గుడ్డ చుట్టినా లోపలి జున్ను తిరగడం ఆగదు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, అది చిన్న విషయం కాదు, లెదర్ బాల్ ముందు అది లేకుండా నిలబడనే కూడదు. కంకషన్ నుంచి మాత్రం హామీ ఇవ్వదు. జడేజాకు తగిలింది హెల్మెట్ మీదే. పురుషుల ఎలైట్ బాక్సింగ్‌లో 2013లో హెడ్‌గార్డులు తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగ బాక్సర్లు అవి లేకుండానే ఆడారు. సామాను కొంటే సమస్య తీరుతుందని నమ్మే స్కూల్ యాజమాన్యాలు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. ఖోఖో పోల్‌కు మెత్త చుట్టడం, కోర్టు నేలను తవ్వి రాళ్లేరి మెత్తబరచడం, వెనక్కి పడేటప్పుడు గదవను ఛాతీకి ఆనించి పడడం నేర్పడం, మెడకు వ్యాయామం చేయించడం, ఎనభై కిలోల ఇంటర్ కుర్రాడి ఎదుట నలభై కిలోల ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని దించకపోవడం: ఖర్చు లేని ఈ పనులు అంతకంటే ఉపయోగం.

రెండో దెబ్బ

వోల్టేజీ పడిపోయి ఉన్న మెదడుకు ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందన్నదే అసలు భయం. చిన్న వయసువాళ్లలో, చాలా అరుదుగా, మెదడు తన రక్తనాళాల మీద అదుపు కోల్పోయి వేగంగా వాచిపోతుంది. రెండో దెబ్బ చిన్నదైనా చాలు. నిమిషాల్లో జరిగిపోతుంది. 2011 జనవరిలో ఉత్తర ఐర్లాండ్‌లో బెన్ రాబిన్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడు స్కూల్ రగ్బీ మ్యాచ్ ఆడుతూ ఒకటికంటే ఎక్కువసార్లు తలకు దెబ్బలు తిన్నాడు. ఆటలోనే ఉంచారు. చివర్లో కుప్పకూలాడు, రెండు రోజులకు చనిపోయాడు. అతని తండ్రి ఆ తర్వాత ఊరుకోలేదు. ఆయన పోరాటం తోడై మొదట స్కాట్లాండ్‌లో, 2023 ఏప్రిల్ నుంచి బ్రిటన్ అంతటికీ ఒకే నియమం వచ్చింది: అనుమానం ఉంటే కూర్చోబెట్టు. పోటీలోకి తిరిగి రావాలంటే కనీసం 21 రోజులు.

అమెరికాలో కథ ఇంకో పిల్లవాడితో మొదలైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006 అక్టోబరులో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్లవాడు హాఫ్ టైమ్‌కు ముందు తలకు దెబ్బ తిని కాసేపు కూర్చున్నాడు, సెకండాఫ్‌లో మళ్లీ దిగాడు. మ్యాచ్ అవగానే కూలిపోయాడు. బతికాడు, కానీ మళ్లీ మాట, నడక నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతో చట్టం చేసింది. 2014కల్లా యాభై రాష్ట్రాలూ అలాంటి చట్టాలు తెచ్చుకున్నాయి. ఆ చట్టంలో పెద్ద సైన్సేమీ లేదు. తల్లిదండ్రులకూ పిల్లలకూ ఏటా ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. అనుమానం వస్తే వెంటనే బయటికి తీయాలి. వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి దించకూడదు.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఒక్కటి. నిర్ణయాన్ని ఆ క్షణం చేతిలోంచి తీసేశారు.

ఆ క్షణంలో నిర్ణయం ఎవరు చేయగలరు చెప్పండి? పిల్లవాడా? తూకం వేయాల్సిన తరాజే దెబ్బతిని ఉంది. పైగా వాడికి దాచడానికి కారణాలు బోలెడు. జిల్లా సెలక్షన్ ఉంటుంది, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సర్టిఫికెట్ ఉంటుంది, రేపు స్పోర్ట్స్ కోటాలో అదొక్కటే ఆధారం కావచ్చు, అన్నిటినీ మించి "పిరికోడు" అన్న మాట పడాలి. తోటి పిల్లలా? వాళ్లకు మ్యాచ్ గెలవాలి. పీఈటీ సారా? మన మండల పోటీల్లో ఆయనే కోచ్, ఆయనే మేనేజర్, పక్క మ్యాచ్‌కు ఆయనే రిఫరీ, భోజనాల లెక్క కూడా ఆయనదే. డాక్టర్ ఉండడు. ఆయన్ను తప్పుపట్టడం సులువు, నేను పట్టను. "వీడికి కంకషన్ అయిందా లేదా" అని తేల్చమని ఆయన్ను అడగడమే తప్పు. తేల్చక్కర్లేదు. అనుమానిస్తే చాలు, ఆ రోజుకు వాడి ఆట అయిపోయినట్టే. ఇది మ్యాచ్‌కు ముందే, ఉదయం టీమ్ లిస్టు ఇచ్చేటప్పుడే, ఇరు జట్లకూ వినపడేలా చెప్పి ఉంచితే తర్వాత ఎవరితోనూ గొడవ ఉండదు. కబడ్డీలో ఎలాగూ బెంచీ మీద అదనపు ఆటగాళ్లుంటారు, జట్టు ఏడుగురికి తక్కువ పడదు.

డాక్టర్లు ఉన్నచోట కూడా ఇది ఎందుకు కావాలో స్టీవ్ స్మిత్‌ను చూస్తే తెలుస్తుంది. 2019 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయాడు. బయటికి తీసుకెళ్లి పరీక్షలు చేశారు, అన్నీ పాసయ్యాడు, గంటలోపే వచ్చి మళ్లీ బ్యాటింగ్ చేశాడు. మర్నాడు ఉదయం తలనొప్పి, మందకొడితనం మొదలయ్యాయి. అతని స్థానంలో లబుషేన్ వచ్చాడు, టెస్టు చరిత్రలో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా. ప్రపంచస్థాయి వైద్య సిబ్బంది ముందు దాగిన లక్షణాలు, గ్రౌండ్ పక్కన నీళ్ల బాటిల్ పట్టుకున్న సార్ ముందు బయటపడతాయా?

అనుమానించడానికి పనికొచ్చే ప్రశ్నలు మాత్రం కొన్ని ఉన్నాయి. డేవిడ్ మాడక్స్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడి బృందం 1995లో చూపించింది ఏంటంటే, "నీ పేరేంటి, ఇవ్వాళ ఏ వారం" లాంటి ప్రశ్నలు పెద్దగా పనికిరావు, కంకషన్ అయినవాడు కూడా చెప్పేస్తాడు. తప్పేది తాజా జ్ఞాపకం. మన కోర్టు పక్కన అవి ఇలా ఉంటాయి. "గీ గ్రౌండ్ ఏ ఊర్ది?" "ఇది ఫస్టాఫా, సెకండాఫా?" "లాస్ట్ పాయింట్ ఎవలు తెచ్చిన్రు?" "దీనికి ముందు ఎవల్తోని ఆడినం? గెల్చినమా, ఓడినమా?" ఒక్కదానికి తడబడినా బయటే. అన్నీ కరెక్టుగా చెప్పాడని లోపలికి పంపడానికి మాత్రం ఇవి పనికిరావు. తల పట్టుకున్నాడా, లేచేటప్పుడు తూలాడా, చూపు ఖాళీగా ఉందా, తన జట్టు వైపు కాకుండా అవతలివైపు నడిచాడా అన్నవి కూడా చూడాలి. ఆ రోజు నన్ను ఎవరైనా "లాస్ట్ పాయింట్ ఎవలు తెచ్చిన్రు" అని అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ని. తెచ్చింది నేనేనట.

మొదటి రాత్రి

ఇంటికొచ్చాక అమ్మమ్మలు పెట్టే మొదటి షరతు నిద్రపోనివ్వొద్దని. ఇది పాత భయం, కోమాలోకి జారిపోతాడేమోనని. డాక్టర్ చూసి ఇంటికి పంపిన పిల్లవాణ్ని రాత్రంతా కూర్చోబెట్టడం వల్ల లాభం లేదు, మెదడుకు ఆ నిద్ర కావాలి. పక్కన ఒక పెద్దమనిషి పడుకోవాలి, అంతే. శ్వాస మామూలుగా ఉందా, కదిపితే కదులుతున్నాడా అని మధ్యలో ఒకటి రెండుసార్లు చూసుకుంటే సరి. హాస్టల్లో ఉండేవాళ్లకు ఆ "పక్కన పెద్దమనిషి" ఎవరన్నది ముందే తేల్చుకోవాలి. డార్మిటరీలో తోటి తొమ్మిదో తరగతి పిల్లవాడికి అప్పగించే పని కాదిది.

మందుల విషయం ఇంకా ముఖ్యం. నొప్పి అనగానే మన దగ్గర ఆర్ఎంపీ డాక్టర్ దగ్గరికి పోవడం, డైక్లో సూది వేయించుకోవడం మామూలు. తలకు దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రకం మందులు డాక్టర్ చెప్పనిదే వద్దు, లోపల రక్తం కారుతుంటే అవి దాన్ని పెంచవచ్చు. పారాసిటమాల్ చాలు. నిద్ర మాత్రలు అసలే వద్దు, మగత మందువల్లో దెబ్బవల్లో తెలియకుండా పోతుంది. మొదటి 48 గంటలు ఫోన్ చేతికి ఇవ్వకపోతే త్వరగా కోలుకుంటారని కూడా తేలింది. ఈ ఒక్కటీ పాటించడమే ఇంట్లో కష్టం.

అలాగని చీకటి గదిలో వారం రోజులు పడుకోబెట్టడం కూడా పాతబడింది. ఈ రంగంలోని నిపుణులు 2001లో వియన్నాలో మొదలుపెట్టి, కొన్నేళ్లకోసారి కలిసి మార్గదర్శకాలు సవరిస్తూ వస్తున్నారు. చివరిగా 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిశారు, 2023లో అది అచ్చయింది. ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా నడక, తేలికైన వ్యాయామం మొదలుపెట్టడమే మేలని వాళ్ల మాట.

ముందు పుస్తకం, తర్వాత కూత

తిరిగి రావడంలో మన బడులు తలకిందులుగా చేసే పని ఒకటుంది. పిల్లవాడు రెండు రోజులకు గ్రౌండ్‌లో ఉంటాడు, క్లాసులో మాత్రం "తలనొప్పి సార్" అంటాడు. సార్‌కు ఒళ్లు మండుతుంది, "ఆటకు లేని నొప్పి చదువుకే వచ్చిందా" అంటాడు. సార్ కోపంలో న్యాయం ఉంది, కానీ ముగింపు తప్పు. క్లాసులో కూర్చోలేనివాడు ఆటకు పనికిరాడు. ఆటకు పంపినందుకు కోప్పడాలి, తలనొప్పి అన్నందుకు కాదు. ముందు పూర్తిగా చదువులోకి, ఆ తర్వాతే ఆటలోకి. మొదట్లో సగం పూట బడి, మధ్యమధ్య విరామం, స్లిప్ టెస్టుల నుంచి వారం మినహాయింపు. గురుకులాల్లో తెల్లవారుజామున పీటీ, రాత్రి స్టడీ అవర్ ఉంటాయి, ఆ రెండింటి నుంచీ మొదటి రోజులు వదిలేయాలి. దీనికి క్లాస్ టీచర్‌కూ పీఈటీకీ మధ్య ఒక చీటీ నడవాలి: ఏ రోజు, ఎన్నింటికి, ఎలా తగిలింది, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు.

మెట్లు ఆరు. కబడ్డీ భాషలో చెబితే, మొదట రోజువారీ పనులూ నడకా. తర్వాత గ్రౌండ్ చుట్టూ నెమ్మదిగా జాగింగ్, కాస్త వేగం పెంచడం. మూడోది ఒంటరిగా ఫుట్‌వర్క్, బోనస్ లైన్ దాకా పోయి రావడం, దూకడాలు లేకుండా. ఇక్కడికొచ్చేసరికి లక్షణాలన్నీ పూర్తిగా పోయి ఉండాలి, డాక్టర్ సరే అనాలి. అప్పుడు జట్టుతో పట్లు లేని డ్రిల్స్. ఐదోది పట్లతో పూర్తి ప్రాక్టీస్. ఆరోది మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి గట్టిగా తిరగబెడితే ఆగి, కిందిమెట్టుకు రావాలి. లెక్క ప్రకారం వారంలో అయిపోవచ్చు, కానీ పిల్లల్లో అంత తొందరగా అవడం తక్కువ. బ్రిటన్ వాళ్ల 21 రోజుల లెక్కే మనకు నయమనిపిస్తుంది. డాక్టర్ అందుబాటులో లేనిచోట క్యాలెండర్ అయినా కాపలా కాస్తుంది.

నాలుగు వారాలు దాటినా తలనొప్పి, దిమ్ము, మతిమరుపు తగ్గకపోతే న్యూరాలజిస్టుకు చూపించాలి. అప్పుడు కూడా చాలాసార్లు సమస్య మెదడులోనే ఉండదు. మెడ పట్టేయడం, లోపలి చెవి బ్యాలెన్స్ తప్పడం, రెండు కండ్ల చూపు ఒకదానితో ఒకటి కుదురుకోకపోవడం లాంటివి వేధిస్తుంటాయి. వాటికి ఫిజియోథెరపీ పనిచేస్తుంది.

చివరికి అందరు అమ్మానాన్నలూ అడిగేది ఒకటే: "ఇగ ఆట బంద్ పెట్టించాల్నా?" ఒక్కసారి కంకషన్ అయి, పూర్తిగా కోలుకున్న పిల్లవాణ్ని మాన్పించాల్సిన పని మామూలుగా ఉండదు. ఇన్నిసార్లయితే మానాలన్న లెక్క కూడా ఏదీ లేదు. డాక్టర్లు చూసేది వేరే: ముందుకంటే చిన్న దెబ్బకే లక్షణాలు వస్తున్నాయా, ప్రతిసారీ కోలుకోవడానికి పట్టే రోజులు పెరుగుతున్నాయా, మార్కుల్లో, మూడ్‌లో తేడా మిగిలిపోతోందా అని. ఆ మూడింటిలో ఏదైనా ఔననిపిస్తే కబడ్డీ నుంచి రన్నింగ్‌కో, బ్యాడ్మింటన్‌కో మార్చమంటారు. అది చూసి చెప్పాలంటే పోయినసారి ఎప్పుడు తగిలిందో, ఎన్ని రోజులకు తగ్గిందో ఎక్కడో రాసి ఉండాలి. నాది ఎక్కడా రాసి లేదు. తర్వాత కాలేజీలో ఇంకోసారి తగిలినప్పుడు డాక్టర్ "ఇది మొదటిసారా?" అని అడిగితే అవునన్నాను. అప్పటికి ఆ పరకాల మ్యాచ్ నాకు జోక్‌గానే గుర్తుంది.